టమాటా లెక్క తెలిసిన బావ షేర్లలో ఎందుకు బోల్తా పడ్డాడు?

[దృశ్యం: పలమనేరు టమాటా మార్కెట్. తెల్లవారుజామున క్రేట్లు దించుతున్నారు]

2023 జూలైలో కిలో టమాటా వంద దాటింది. ఆ రేటు చూసి నారు కోసం పరుగెత్తినవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు. పంట చేతికొచ్చేదేమో రెండు నెలలు దాటాక. సెప్టెంబర్‌కల్లా రేటు నేలకు దిగింది.

మా బావకు ఈ లెక్క కంఠతా వచ్చు. ఊర్లో రెండెకరాలుంది, తిరుపతిలో ట్యాక్సీ తోలుతాడు. "రేటు చూసి నాటినోడు మునుగుతాడు బా" అంటాడు. అదే మనిషి అంతకు మూడేళ్ల ముందు ఏం చేశాడో చూడండి.

[దృశ్యం: ఖాళీగా అలిపిరి రోడ్డు. తెరపై: 23 మార్చి 2020]

ఆ జనవరిలో సెన్సెక్స్, అంటే 30 పెద్ద కంపెనీల షేర్ల రేట్లతో లెక్కగట్టే సూచీ, 42 వేల దగ్గరుంది. అందరికీ లాభాలొస్తున్నాయని బావ ఆ సూచీతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉండే ఇండెక్స్ ఫండ్‌లో లక్ష పెట్టాడు. మార్చి 20 నుంచి కొండ మీద దర్శనాలు ఆగాయి, ట్యాక్సీ ఇంటి ముందే నిలబడిపోయింది. 23న ఒక్క రోజే సెన్సెక్స్ 13 శాతం పడి 25,981 దగ్గర ఆగింది. బావ మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ చేశాడు.

"లక్ష కాస్తా అరవై రెండు వేలైంది బా. ఇదైనా మిగలనీ, తీసేస్తా."

నేను గట్టిగా వద్దన్నానా? లేదు. నా ఫోన్‌లోనూ అంతా ఎరుపే.

బ్యాంకులో ఆరు నెలల ఖర్చులకు డబ్బుంది. అయినా తీసేశాడు. వెయ్యి వస్తే కలిగే సంతోషం కన్నా వెయ్యి పోతే పడే బాధ చాలా ఎక్కువని, ఇంచుమించు రెట్టింపని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీల పరిశోధన. 1979లో మొదలైన ఆ పనికే కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. బావ అమ్మింది ఆ బాధ ఆగడానికి, లెక్క చూసి కాదు.

[తెరపై: రెండు గీతలు, ఫండ్‌ది ఒకటి, బావది ఒకటి]

2021 జనవరి 21న సెన్సెక్స్ 50 వేలు తాకింది. కదపకుండా ఉంటే ఆ లక్ష దాదాపు లక్షా 19 వేలయ్యేది.

నాది ఇంకో జబ్బు. లాభంలో ఉన్న షేరును పది శాతానికే అమ్మేశా. సగానికి పడినదాన్ని మాత్రం "కొన్న రేటొస్తే చాలు" అని నాలుగేళ్లుగా పట్టుకు కూర్చున్నా. నేను ఎంతకు కొన్నానో మార్కెట్‌కు తెలుసా పాపం! షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఆర్థిక పరిశోధకులు 1985లోనే ఈ జబ్బు గురించి రాశారు.

[దృశ్యం: టీ బంకు, రెండు గ్లాసులు]

బావ మళ్లీ ఎప్పుడు కొన్నాడంటారా? 50 వేలు దాటాక. "ఇప్పుడు ధైర్యంగా ఉంది బా" అన్నాడు.

ఇప్పుడు సిప్ నడుస్తోంది, అంటే ప్రతి నెలా 5న డబ్బు దానంతటదే కట్ అయి ఫండ్‌లోకి వెళ్తుంది. బావ ఫోన్‌లోంచి యాప్ తీసేయించింది మా అక్క. పాస్‌వర్డ్ కూడా ఆమె దగ్గరే.