బస్సు కదిలే ముందు ఒక గంట

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, మన గ్రంథపాలకులకు, పొద్దున్నుంచీ షామియానా పనులు చూసుకుంటున్న కుర్రాళ్ళకు, వెనక అరుగు మీద కూర్చున్న అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు అందరికీ నమస్కారం. ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకోవడం మన పద్ధతి. కానీ నాకిచ్చింది అరగంట. చెప్పాల్సిన మాట చాలా కాలంగా నా మనసులో మెదులుతోంది. పేర్లు వదిలేస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

‘పఠనం - పర్యటన’ మీద మాట్లాడమన్నారు. పఠనం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గండకీ నది ఎక్కడుందో నేను మొదట చూసింది ఈ గదిలోనే, అదిగో ఆ రెండో బీరువాలో ఉండే పాత అట్లాసులో. మా అత్తగారి పూజలో ఒక సాలగ్రామం ఉండేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని ఆ పుస్తకం తీశాను. సాలగ్రామాలు నేపాల్లో ముక్తినాథ్ క్షేత్రం దగ్గర కాళీగండకిలో దొరుకుతాయి. కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం ఉండేది. ఆ సముద్రంలో బతికిన జీవుల గుల్లలు రాయిగా మారితే ఆ చక్రాల గుర్తులు వచ్చాయి. ముక్తినాథ్ వెళ్ళాలని మా అత్తగారికి ఎంతో కోరిక. తీరకుండానే పోయారు.

నేను రిటైరయ్యాక మావారూ నేనూ ఆవిడ తరఫున వెళ్ళాలనుకున్నాం. పోఖరా నుంచి జీపుల్లో వెళ్ళిపోవచ్చు, రోడ్డుంది. మేము మాత్రం అవతలి వైపు నుంచి, మర్సియాంగ్ది నది వెంబడే పైకి నడిచి, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థోరంగ్ లా కనుమ దాటి, ముక్తినాథ్‌లోకి దిగుదామని బయలుదేరాం. అన్నపూర్ణ సర్క్యూట్ అంటారు దాన్ని. మా సంచులు మేమే మోశాం.

కోనసీమలో పుట్టినవాళ్ళకు కొండంటే ఏం తెలుసు? మన నేలలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే, రాయి తగలదు. ఊళ్ళో ఎత్తయిన చోటంటే ఏటిగట్టే. తెల్లవారకముందే బ్యాగుల్లో బియ్యం పోసుకుని ఆ గట్టు మీద నడిచేవాళ్ళం. వీలైనప్పుడల్లా కోరుకొండ వెళ్ళి ఆ నిటారు మెట్లు ఎక్కి దిగేవాళ్ళం. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆగి మరీ అడిగేవాళ్ళు. “ఏమండీ, ఈ వయసులో మోకాళ్ళు అరగదీసుకోవడం దేనికండీ?” మావారు కొబ్బరి వ్యాపారంలో జీవితమంతా తిరిగిన మనిషి, ఒళ్ళు గట్టిది. నాకంటే ముందుండేవారు ఎప్పుడూ.

ఆ దారి ఎంత అందమైందో చెప్పాలనే నాకూ ఉంది. మన ఏటికి ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీళ్ళు వస్తాయి. మర్సియాంగ్ది నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా, రాళ్ళ మీద పడి ఉరుముతూ వస్తాయి. తీగల వంతెన మీద అడుగు వేస్తే కింద లోయ, ఎదురుగా కంచర గాడిదల బారు. చామే దాటాక ఆపిల్ తోటలు. ఎగువ పిసాంగ్ నుంచి ఘ్యారూ ఊరికి ఎక్కే ఎక్కుడు ఉంది చూశారూ, తల ఎత్తితే ఊరు నెత్తి మీదే కనిపిస్తుంది, ఎంత ఎక్కినా రాదు. మలుపు తిరిగితే ఇంకో మలుపు. ఇరవై అడుగులు వేసి, కర్ర మీద వాలి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఇరవై. పైకి చేరి వెనక్కి తిరిగితే లోయకు అవతల అన్నపూర్ణ శిఖరాల వరస. మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆయన నా బ్యాగు విప్పి పక్కన పెట్టి నీళ్ళ సీసా చేతికిచ్చారు.

దారి గురించి ఇక ఆపుతాను. అసలు సంగతి మనాంగ్‌లో ఉంది.

మనాంగ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తున రాళ్ళ ఇళ్ళ ఊరు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అని, 1973లో పుట్టిన స్వచ్ఛంద సంస్థ, సీజనులో చిన్న ఆసుపత్రి నడుపుతుంది. రోజూ మధ్యాహ్నం డాక్టర్లు ఒక క్లాసు చెబుతారు. పైకి వెళ్ళేవాళ్ళు ఏ దేశం వాళ్ళయినా వచ్చి కూర్చుంటారు. ఎత్తుకు వెళ్తే ఒంటికి ఏమవుతుంది, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దిగిపోవాలి, అంతే పాఠం. ఎన్నో ఏళ్ళు పిల్లలకు ఫిజికల్ సైన్సు చెప్పిన నేను ఆ బెంచీ మీద కూర్చుని నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సు ఇదిగో, నా చేతిలో ఉంది.

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. ఇక్కడా 21 శాతమే, అక్కడా 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. గోదాములో ధాన్యం బస్తాల దొంతర ఉందనుకోండి. అడుగు బస్తా మీద అన్నిటి బరువూ ఉంటుంది, గింజలు బిగిసిపోయి ఉంటాయి. పై బస్తా వదులు. సముద్రం ఒడ్డున మనం అడుగు బస్తా దగ్గర బతుకుతున్నాం. థోరంగ్ లా మీద ఒత్తిడి ఇక్కడి దాంట్లో ఇంచుమించు సగం. ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్ళే ఆక్సిజనూ సగమే. ఆ కింది మజిలీల్లోనే నీళ్ళు 85 డిగ్రీలకు మరిగిపోతాయి, కుక్కరు పెట్టకపోతే పప్పు ఉడకదు.

ఒంటికి అలవాటయ్యే శక్తి ఉంది, కానీ దానికి రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్ల లోపు ఎత్తులోనే ఈ రాత్రి పడుకోవాలి. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి ఉండగా ఇంకా పైకి వెళ్ళకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. అడుగు తడబడితే, మాట తేడాగా వస్తే మెదడు వాస్తోందని అర్థం. అప్పుడు అర్ధరాత్రయినా దించేయాలి. ఇంకొక్క మాట, దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. బలమైనవాడికి రాదు, కుర్రాడికి రాదు అని ఎక్కడా లేదు.

ఇప్పుడు థోరంగ్ ఫెదీ. కనుమ కింద చివరి మజిలీల్లో ఒకటి, దాదాపు 4,450 మీటర్లు. మర్నాడు చీకటితో లేచి కనుమ ఎక్కాలి. సాయంత్రం నుంచీ మావారికి తలనొప్పి. “చలికేలే, పొద్దున్నకు పోతుంది” అన్నారు. పళ్ళెంలో దాల్ భాత్ కెలికి వదిలేశారు. భోజనం వదిలే మనిషి కాదాయన. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ 71 శాతం చూపించింది. చేతులు గడ్డకట్టి ఉంటే ఆ యంత్రం తప్పు చూపిస్తుందని నాకు తెలుసు. చేతులు రుద్ది మళ్ళీ పెట్టాను. పెద్ద తేడా లేదు.

మనాంగ్‌లో చెప్పిన పరీక్ష ఒకటి ఉంది. గీత మీద మడమకు బొటనవేలు తగిలేలా అడుగులో అడుగు వేసి నడవాలి. భోజనాల గదిలో చెక్కల నేల. రెండు చెక్కల మధ్య సందు గీతలా ఉంది. “ఏవండీ, దీని మీద నడవండి” అన్నాను. “ఏమిటే ఈ పిచ్చి, అందరూ చూస్తున్నారు” అన్నారు. నడిచారు. మూడో అడుగు పక్కన పడింది. మళ్ళీ నడవమన్నాను. ఈసారి బల్ల పట్టుకున్నారు.

అమ్మా, మీరంతా ఆయన్ని ఎరుగుదురు. పంటబోదె మీద వేసిన తాటిపట్టె మీద చిన్నప్పటినుంచీ నడిచిన మనిషి. ఒక చేత్తో కొబ్బరి గెల, ఇంకో చేత్తో సైకిలు, కిందికి చూడకుండా దాటేసేవారు. ఆ మనిషి చెక్కల నేల మీద మూడు అడుగులు తిన్నగా వేయలేకపోయారు. నా గుండె జారిపోయింది.

మా గైడ్ గురుంగ్ కుర్రాడు. వాడు పరీక్ష చూస్తూనే ఉన్నాడు. “దీదీ, కిందికి” అన్నాడు అంతే. పక్క బల్ల దగ్గర మన దేశం వాళ్ళే ఒక బృందం ఉంది. “ఇంత దూరం వచ్చి దిగిపోతారా? ఒక్క రాత్రి ఓర్చుకుంటే రేపు పైనుంటారు” అని ఆయన్ని ఉత్సాహపరిచారు. ఆయనా ఊగారు. నేను ఆయన బూట్ల లేసులు కట్టాను. నేను కట్టడం అదే మొదటిసారి. వద్దంటూనే కాలు ముందుకు చాపారు. తల దీపాలు పెట్టుకుని, ముందు గైడ్, మధ్యలో ఆయన, వెనక నేను, దారిలో ఒక్కో రాయినీ చేత్తో తడుముతూ కింది మజిలీ యాక్ ఖర్కా దాకా దిగాం. అక్కడికే కొంచెం తేరుకున్నారు. తెల్లారాక మనాంగ్ దిగితే డాక్టరమ్మ చూసి “సరైన పని చేశారు” అంది. ఒకటి రెండు రోజుల్లో ఆకలన్నారు.

కనుమ మేము దాటలేదు. వెనక్కి నడిచి, పోఖరా చుట్టి, జీపులో మధ్యమధ్య ఊళ్ళలో రాత్రులు ఆగుతూ ముక్తినాథ్ చేరాం. నూట ఎనిమిది ధారల కిందా తల తడుపుకున్నాం. అత్తగారి పేరు చెప్పుకున్నాం.

ఇంటికొచ్చాక నాకు కష్టమనిపించిన సంగతి ఒకటుంది. వచ్చినవాళ్ళంతా “అయితే పైకి ఎక్కలేదన్నమాట” అన్నారు. “పాపం, ఆవిడ భయపడి దించేసిందట” అని కూడా అన్నారు. అయ్యా, తుఫాను గురించి తెలిసిన ఊరు మనది. 1996 నవంబరు 6 రాత్రి ఇక్కడున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి. చూశారా. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు మొదలంటా ఒరిగిపోయాయి. మొన్న తుఫాను హెచ్చరిక వస్తే షెల్టరుకు పోయినవాళ్ళని ‘భయపడ్డారు’ అని ఎవరైనా అన్నామా?

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ దగ్గర తీరం దాటింది. మన మీదికి రాలేదని ఊపిరి పీల్చుకున్నాం. ఆ తుఫాను అక్కడితో ఆగలేదు. బలం తగ్గి, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా పోయి హిమాలయాలకు తగిలింది. 14వ తేదీన అదే థోరంగ్ లా మీద మంచు తుఫానుగా విరుచుకుపడింది. దసరా తర్వాత ట్రెక్కింగుకు మంచి సీజను, కొండ మీద వందలాది మంది ఉన్నారు. ఆ కొండల్లో 40 మందికి పైగా పోయారు. నేపాలీ గైడ్లు, కూలీలు, ఇజ్రాయెల్ వాళ్ళు, కెనడా వాళ్ళు, మన దేశం వాళ్ళు కూడా. మన బంగాళాఖాతంలో పుట్టిన వాన అక్కడ మంచై వాళ్ళను కప్పేసింది. తుఫాను సంగతి కింద అందరికీ తెలుసు, పైనున్నవాళ్ళకు సరైన హెచ్చరిక అందలేదు. నాకు ఫెదీలో ఆ రాత్రి ఇదే గుర్తొచ్చింది. మాకు హెచ్చరిక అందింది. ఆయన అడుగు రూపంలో అందింది.

ఇది ట్రెక్కింగు చేసేవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. మీలో కేదార్‌నాథ్ వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. అది 3,583 మీటర్లు. అమర్‌నాథ్ 3,888. “తిరుమల మెట్లెక్కాం, మాకేం” అంటారు. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు. మన రాష్ట్రంలో ఎంత ఎత్తు కొండెక్కినా 1,700 మీటర్లు దాటదు. అంటే ఈ జబ్బు మన ఇంట్లో ఎవరూ చూసి ఉండరు, పెద్దవాళ్ళు చెప్పి ఉండరు. తెలియడానికి దారే లేదు.

మా ఆడపడుచు ఒక యాత్రా బృందంతో ముక్తినాథ్ వెళ్ళింది. ఎవరి బృందమో ఇక్కడ చెప్పను. పొద్దున్న పోఖరాలో బయలుదేరదీశారు. అది సుమారు 800 మీటర్ల ఎత్తు. రాత్రికి 3,700 మీటర్ల దగ్గర పడుకోబెట్టారు, ఒక్క రోజులో. రాత్రంతా వాంతులు, తల పగిలిపోయే నొప్పి. తీసుకెళ్ళినాయన “గ్యాస్ అమ్మా, మాత్ర వేసుకోండి” అన్నాడట. పక్క గదిలో ఎవరో నేపాలీ డ్రైవరు చూసి తెల్లవారుజామునే కిందికి దించాడు. ఆవిడ ఇవాళ అదిగో ఆ స్తంభం పక్కన కూర్చుని ఉంది, దేవుడి దయ. డబ్బు కట్టేటప్పుడు ఆవిడకు భోజనంలో ఉల్లిపాయ ఉంటుందా ఉండదా అని చెప్పారు, రూము ఏసీయా కాదా అని చెప్పారు. ఎత్తు సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కాబట్టి పెద్దలను ఒకటి అడుగుతున్నాను. శివరాత్రి నాడు కేదారం తలుపులు ఎప్పుడు తెరుస్తారో ప్రకటిస్తారు. ఆ వారంలోనే మనవాళ్ళు బస్సులు మాట్లాడుకోవడం మొదలుపెడతారు. శివరాత్రి తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం ఈ గది నాకివ్వండి. యాత్రకు వెళ్ళేవాళ్ళే కాదు, తీసుకెళ్ళేవాళ్ళు కూడా రావాలి. పి.హెచ్.సి. డాక్టరుగారిని నేను అడుగుతాను. బీపీ, సుగరు, గుండె మందులు వాడేవాళ్ళు ఆయన్ని అడగాల్సినవి అడగొచ్చు. ఎత్తుకు వేసుకునే మాత్రలు కూడా ఉన్నాయి, అవి ఎవరు వేసుకోవచ్చో ఆయనే చెప్పాలి, నేను చెప్పను. గంట చాలు. బోర్డూ సుద్దముక్కా నేనే తెచ్చుకుంటాను. అడుగులో అడుగు వేసి నడిచే పరీక్ష మావారు చేసి చూపిస్తానన్నారు.

గ్రంథపాలకులు గారూ, ఆ ఆదివారం సాయంత్రం తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఇప్పుడే మైకులో చెప్పేయండి.