చేతిలో పెరిగిన ఎలుకకు ఎలాంటి పంజరం?

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి పశువైద్యురాలు మనతో ఉన్నారు. ఫోనులో ఉన్నవారు మాట్లాడండి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. కళ్ళు తెరవని ఎలుక పిల్ల దొరికితే కుంచె మొనతో పాలు పట్టి పెంచాను. ఇప్పుడు దానికి ఐదు వారాలు. మొన్నటిదాకా నా చొక్కా చేతిలో దూరి నిద్రపోయేది. ఇప్పుడు గిన్నె చప్పుడైనా పరుగే. చిలుక పంజరంలో పెట్టాను. రాత్రి చూస్తే ఊచల మధ్య నుంచి తల బయటికి పెట్టి ఉంది.

డాక్టరు: తల పట్టిందంటే ఒళ్ళు పట్టడానికి ఎంతోసేపు పట్టదమ్మా. ఊచల మధ్య ఎడం ఎంత ఉంది?

శ్రోత: రెండు సెంటీమీటర్లు ఉంటుందేమో.

డాక్టరు: ఆ ఎడంలోంచి బాగా ఎదిగిన ఎలుక కూడా దూరిపోగలదు. మీ పిల్లకు సెంటీమీటరు కన్నా తక్కువ ఎడం ఉన్న వల కావాలి. బయటి ఎలుకకు పంజరం ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది అదే. తర్వాత పళ్ళ సంగతి. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి కొరకడం దానికి అవసరం. ప్లాస్టిక్ అడుగు ఉన్న పంజరమైతే అంచు దొరికిన చోట కొరికి, ఒక్క రాత్రిలో కన్నం చేయగలదు. గోడలూ తలుపూ ఉక్కువే కావాలి. జింకు పూత వేసిన వల వద్దు. దాన్ని కొరికితే జింకు కడుపులోకి పోతుంది.

శ్రోత: గాజు తొట్టి అయితే కొరకలేదు కదా?

డాక్టరు: కొరకలేదు కానీ గాలి ఆడదు. మూత్రంలోంచి వచ్చే అమోనియా అడుగునే నిలిచిపోతుంది. ఎలుకల ఊపిరితిత్తులు అసలే సున్నితం, నాలుగు పక్కలా గాలి తగలాలి. అలాగని అడుగున తీగ వల ఉండకూడదు, అరికాళ్ళు పుండ్లు పడతాయి. అడుగు గట్టి రేకుగా ఉండి, పైన కాగితపు ముక్కలు మందంగా పరవాలి. సరే, దాని తోక శరీరం కన్నా పొడవుగా ఉందా?

శ్రోత: ఉందండి. చెవులు కూడా పెద్దవి.

డాక్టరు: అయితే నల్ల ఎలుక జాతిది, ఎక్కడంలో దిట్ట. మీటరు ఎత్తు పంజరం తీసుకోండి, లోపల కొమ్మలు, తాళ్ళు అడ్డంగా కట్టండి. పడినా దెబ్బ తగలకుండా మధ్యలో గుడ్డ ఊయల వేయండి. తోక పొట్టిగా, ఒళ్ళు బరువుగా ఉన్న గోధుమ రంగు జాతి అయితే తవ్వుకోవడానికి లోతైన అడుగు అడిగేదాన్ని.

శ్రోత: నన్ను చూసి ఎందుకు పారిపోతోందండీ? నేను ఏమైనా చేశానా?

డాక్టరు: మీరేమీ చేయలేదు. పాలు మానే వయసు దాటాక బయటి ఎలుకకు జంకు తనంతట తానే వస్తుంది. మనుషుల మధ్య తరతరాలుగా పెరిగిన తెల్ల ఎలుకల్లో అది తగ్గిపోయింది, దీనిలో తగ్గలేదు. అందుకే పంజరంలో అన్నిటికన్నా విలువైనది గూడుపెట్టె. చీకటిగా ఉండాలి, రెండు దారులు ఉండాలి. శుభ్రం చేసేటప్పుడు అది పెట్టెలోకి దూరితే, ఆ రెండు దారులూ మూసి పెట్టెతో సహా బయటికి తీయండి. చేత్తో వెంటాడవద్దు. తోక పట్టి అసలు ఎత్తవద్దు, చర్మం ఊడి వస్తుంది. భయపడినప్పుడు మీరు పెంచిన పిల్లే మిమ్మల్ని కరవగలదు. దాని మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం కూడా ఉంది, చేతి తొడుగులు వేసుకోండి.

శ్రోత: తలుపు ఎలా ఉండాలండీ?

డాక్టరు: చేయి మాత్రమే పట్టేంత చిన్న తలుపు ఒకటి, పెట్టె పట్టే పెద్దది ఒకటి. గొళ్ళెం నెట్టి తెరిచేస్తాయి, దానికి కొక్కెం కూడా తగిలించండి. అన్నట్టు, కొత్త పంజరం అంటే దానికి భయమే. పాత గుడ్డ ఉతకకుండా గూడుపెట్టెలో వేయండి, సొంత వాసన ఉంటే త్వరగా కుదురుకుంటుంది.

శ్రోత: మరి ఈ రాత్రికి?

డాక్టరు: చిలుక పంజరానికి బయటినుంచి సన్నకంతల ఉక్కు వల చుట్టి, కింద మీద ఎక్కడా ఎడం లేకుండా తీగతో బిగించండి. పైన సగం గుడ్డ కప్పండి. పూర్తిగా కప్పితే గాలి ఆడదు.

శ్రోత: సరేనండి. కొలబద్ద తెచ్చి ముందు వల కంతలు కొలుస్తాను.