చివరి మడికి నీళ్లెందుకు అందడం లేదు?

(చెరువు గట్టు. కాలవలోకి నీళ్లు వదిలే తూము, అదే మదుము. దాని చుట్టూ దట్టంగా గుర్రపుడెక్క.)

నమస్కారమండీ. శ్రీకాకుళం జిల్లాలో ఎకరం, ఎకరంన్నర చేసుకునే రైతుని పంట ఎందుకు తగ్గిందని అడగండి. "పొట్ట మీద నీళ్లు తప్పిపోయాయి బాబూ" అంటాడు. వరి పొట్ట కట్టి ఈనే వేళ తడి లేకపోతే ఎన్ని బస్తాల ఎరువు చల్లినా గింజ పాలు పోసుకోదు, తాలైపోతుంది. రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాల లాంటి దీర్ఘకాలిక రకాలకి ఆ దశ వచ్చేసరికి వానలు వెనకబడతాయి. అప్పుడు ఆదుకోవాల్సింది ఊరి చెరువే.

(ఎండిన చెరువు గర్భం. బీటల మధ్య పార.)

ఎకరం మేర అడుగు మందం పూడిక తీస్తే 12 లక్షల లీటర్లకి పైగా నీళ్లకి చోటొస్తుంది. అయితే ఒక ముఖ్యమైన సంగతుంది. మదుము అడుగుమట్టం కంటే కిందికి తవ్విన చోట నిలిచే నీళ్లు కాలవలోకి పారవు. గొడ్లు తాగుతాయి, బావుల్లో ఊట పెరుగుతుంది, అదీ కావలసిందే. మడికి మాత్రం చుక్క రాదు. మా ఊళ్లో ఒకసారి పొక్లెయిన్‌తో ఒకే మూల పెద్ద గొయ్యి తీసి వెళ్లిపోయారు. ఆ ఏడు కూడా చివరి మళ్లు ఎండాయి. అందుకే ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో ఆయకట్టు రైతులే దగ్గరుండి చెప్పాలి.

(అరచేతిలో రెండు మట్టి ఉండలు.)

ఇది పూడిక మట్టి, ఇది గరువు మట్టి, అంటే మెట్ట చేలలోని ఇసుక కలిసిన తేలిక మట్టి. రెండూ తడిపి ఉండ చేశాం. గరువుది ఇట్టే విడిపోతోంది, పూడికది పట్టుకుని ఉంది. ఈ మట్టి గరువుకి తోలుకుంటే చేను బెట్టకి తట్టుకుంటుంది.

ఈ పనులన్నిటికీ 1997 చట్టం సాగునీటి సంఘాలకి అధికారం ఇచ్చింది. సంఘం ఉభాలకి, అంటే వరి నాట్లకి ముందే కూర్చుని నీటి వంతులు రాసుకోవాలి. నా మాటగా చెబుతున్నాను, మొదటి వంతు చివరి మడికే ఇవ్వండి. కాలవలో ఎక్కడ గండి ఉందో, ఎక్కడ పూడిందో మొదటి రోజే తెలిసిపోతుంది. పైమడి రైతుకి ఎలాగూ నీళ్లు అందుతాయి.

(మదుము దగ్గర కర్రతో కొలుస్తున్న ఇద్దరు రైతులు.)

చెరువు ఎండగానే మదుము అడుగు మీద పూడిక ఎన్ని జానలుందో ఇలా కొలిచి, సంఘం పుస్తకంలో రాయించండి.