బడ్డీ మెక్‌గర్ట్ కెరీర్ రివ్యూ: రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య ఆ ఒక్క నిమిషం

నమస్కారం. ముందుగా చెప్పవలసినది చెప్పేస్తాను. ఈ వీడియోకు కారణం ఒక క్రీడా పరికరాల దుకాణం వారు నాకు ఉచితంగా పంపిన ఒక జత బాక్సింగ్ గ్లోవ్స్. ఎవరో ఒక బాక్సర్ గురించి మాట్లాడి, గ్లోవ్స్‌ను ఒకసారి చూపిస్తే చాలునని వారు అన్నారు. గ్లోవ్స్ ఇదిగో, బల్ల మీద ఉన్నాయి, చూపించడం అయిపోయింది. నేను ఎంచుకున్న మనిషి న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌కు చెందిన జేమ్స్ మెక్‌గర్ట్, అందరూ బడ్డీ అని పిలిచే మెక్‌గర్ట్, మొదట బాక్సర్, తర్వాత బాక్సర్ల శిక్షకుడు.

ఆయన గెలుపోటముల లెక్క మీరు ఈపాటికే చూసి ఉంటారు. 80 పోరాటాలలో 73 విజయాలు, వాటిలో 48 నాకౌట్లు, రెండు వేర్వేరు బరువు విభాగాలలో ప్రపంచ టైటిళ్లు. కనుక నేను ఆ అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగను. 1986లో తనకు తొలి ఓటమి రుచి చూపించిన ఫ్రాంకీ వారెన్‌నే 1988 ఫిబ్రవరి 14న టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో 12వ రౌండ్‌లో ఓడించి ఆయన మొదటి టైటిల్ గెలుచుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మెల్‌డ్రిక్ టేలర్ చేతిలో దానిని పోగొట్టుకున్నారు. 1991 నవంబరులో, అప్పటికి అందరూ భయపడే సైమన్ బ్రౌన్‌ను లాస్ వేగాస్‌లో న్యాయనిర్ణేతలిచ్చే పాయింట్ల మీద ఓడించి వెల్టర్‌వెయిట్ అనే బరువు విభాగంలో ఛాంపియన్ అయ్యారు. బ్రౌన్ మీద ఆ రాత్రి ఆయన చూపిన పనితనం నన్ను అడిగితే ఆయన బాక్సింగ్ జీవితంలోకెల్లా గొప్పది, ఎందుకంటే బలవంతుడైన ప్రత్యర్థికి ఆయన బలంతో కాక, అడుగు ఎక్కడ వేయాలో, చెయ్యి ఎప్పుడు విసరాలో తెలిసిన నేర్పుతో జవాబు చెప్పారు.

బాక్సర్‌గా ఆయనను తీర్చిదిద్దిన గురువు అల్ సెర్టో న్యూజెర్సీలోని సికాకస్ ఊరిలో దర్జీ. కొలతలు తీసుకునే మనిషి దగ్గర చదువుకున్న శిష్యుడు తర్వాత తానూ కొలతలు తీసే గురువు కావడంలో నాకైతే ఆశ్చర్యం కనిపించదు.

నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది 1993 మార్చి 6వ తేదీ గురించి. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, అంటే సొంత గడ్డమీద, పెర్నెల్ విటకర్‌తో పోరాటానికి దిగే నాటికే ఆయన ఎడమ భుజం దెబ్బతిని ఉంది. కుడిచేతివాటం బాక్సర్‌కు ఎడమ చెయ్యే జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా, చప్పున విసిరే దెబ్బ, అదే కొలబద్ద, అదే తలుపు గడియ. అది సరిగా లేవకపోతే మిగిలిన ఏ దెబ్బకూ దారి ఉండదు. అటువంటి భుజంతో, ఆ కాలంలో అందరికంటే చిక్కకుండా తప్పించుకోగల మనిషి ఎదుట ఆయన 12 రౌండ్లూ నిలబడి, పాయింట్ల మీద టైటిల్ పోగొట్టుకున్నారు. తర్వాత భుజానికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. 1994 అక్టోబరులో మళ్లీ తలపడినప్పుడు రెండో రౌండ్‌లో విటకర్‌ను కింద పడేయగలిగారు గానీ గెలవలేకపోయారు. ఒక చెయ్యి పనిచేయని వాడు రౌండ్ల మధ్య విరామంలో స్టూల్ మీద కూర్చున్నప్పుడు అతనికి ఏ మాట పనికొస్తుందో, ఏ మాట పనికిరాదో ఆయన 1993 నాటి ఆ మార్చి రాత్రే నేర్చుకున్నారని నా నమ్మకం.

ఇక్కడ నా చిరాకు ఒకటి చెప్పకుండా ఉండలేను. రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య ఉండేది ఒకే ఒక్క నిమిషం. శిక్షకుడి ఉద్యోగమంతా ఆ నిమిషంలోనే ఉంటుంది, సరిగ్గా ఆ నిమిషంలోనే టీవీ వాళ్లు ప్రకటనలు వేస్తారు. నేను కళాశాల రోజులలో రెండేళ్లపాటు బాక్సింగ్ నేర్చుకున్నాను. నా ఆఖరి పోటీలో మొదటి రౌండ్ ముగిశాక కార్నర్‌లో, అంటే రింగ్‌లో నా వైపు మూలన, ఉన్నాయన ఊపిరి ఆడనివ్వకుండా ఆరు సలహాలు ఇచ్చారు. గంట మోగాక నాకు ఒక్కటీ గుర్తులేదు, చేతులు ఎత్తడం కూడా మరచిపోయాను. ఆ ఓటమి తర్వాత నేను ఎవరి పోరాటం చూసినా దెబ్బలకంటే స్టూల్‌నే ఎక్కువగా చూస్తాను. మెక్‌గర్ట్ దగ్గర నన్ను ఆకట్టుకునే సుగుణం ఒక్కటే: ఆయన ఆ నిమిషంలో ఒకటి రెండు మాటలకు మించి చెప్పరు, అవి కూడా గొంతు పెంచకుండా చెబుతారు.

ఈ గుణానికి సాక్ష్యం ఆర్టురో గట్టి అనే బాక్సర్. 2001 మార్చిలో ఆస్కార్ డి లా హోయా చేతిలో చిత్తుగా ఓడాక ఆర్టురో గట్టి కథ ముగిసిందని చాలామంది తేల్చేశారు. రక్తం కారుతున్నా ముందుకే దూసుకుపోయే ఆ మనిషికి మెక్‌గర్ట్, ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో ఉన్న తన జిమ్‌లో, జాబ్ వేసి పక్కకు జరగడం మళ్లీ నేర్పారు. 2002 మే నెలలో మికీ వార్డ్‌తో జరిగిన మొదటి పోరాటంలో గట్టి ఆ పాఠాన్ని సగంలో మరచిపోయి పాత అలవాటుకు తిరిగి ఓడిపోయారు. 9వ రౌండ్‌లో పక్కటెముకల మీద దెబ్బ తగిలి కూలిపోయారు. అదే ఏడాది నవంబరులో జరిగిన, గట్టి గెలిచిన రెండో పోరాటం మాత్రం పూర్తిగా మెక్‌గర్ట్ చేతిపని. 2003 జూన్‌లో జరిగిన మూడోదానిలో కుడి చెయ్యి విరిగినా గట్టి పది రౌండ్లూ నిలిచి గెలిచారు, 2004 జనవరిలో ప్రపంచ టైటిల్ కూడా అందుకున్నారు. చిత్రం ఏమిటంటే, మెక్‌గర్ట్‌తో విడిపోయాక గట్టి తన చివరి పోరాటానికి శిక్షకుడిగా ఆ మికీ వార్డ్‌నే పెట్టుకున్నారు.

2004 మేలో ఆంటోనియో టార్వర్ రెండో రౌండ్‌లోనే ఒక్క ఎడమచేతి దెబ్బతో రాయ్ జోన్స్‌ను పడగొట్టినప్పుడు కూడా టార్వర్ కార్నర్‌లో ఉన్నది మెక్‌గర్టే. అది చాలా ప్రసిద్ధం కనుక వదిలేస్తున్నాను.

ఇక మెక్‌గర్ట్ మీద నాకున్న ఫిర్యాదు. 2005 జూన్‌లో ఫ్లాయిడ్ మేవెదర్ ఎదుట గట్టి దారుణంగా దెబ్బలు తింటున్నప్పుడు 6వ రౌండ్ ముగిశాక మెక్‌గర్ట్ పోరాటాన్ని ఆపేశారు. ఆపడం సరైన పనే గానీ, నా దృష్టిలో అది ఒక రౌండ్ ఆలస్యమైంది.

2019 జూన్‌లో ఆయనను అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. జులై 14న విటకర్ రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఆ తర్వాత అయిదు రోజులకు, జులై 19న, మేరీలాండ్‌లో మెక్‌గర్ట్ శిష్యుడు మాక్సిమ్ దదాషెవ్, అప్పటిదాకా ఓటమి ఎరుగని 28 ఏళ్ల యువకుడు, సుబ్రియెల్ మాటియాస్ ఎదుట 11 రౌండ్లు ముగించి స్టూల్ మీద కూర్చున్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ ఆయన వెనకబడి ఉన్నారు. ఆపేస్తానని మెక్‌గర్ట్ అంటే దదాషెవ్ వద్దని తల అడ్డంగా ఊపారు. గురువు శిష్యుడిని దాదాపు బతిమాలుతున్నట్టుగా, నన్ను ఈ పని చేయనివ్వమని అడిగి, ఒప్పుకోలు కోసం ఆగకుండా రిఫరీతో ఇక చాలని చెప్పారు. దదాషెవ్ సాయం లేకుండా నడవలేకపోయారు, మెదడుకు శస్త్రచికిత్స చేసినా జులై 23న ప్రాణాలు విడిచారు. ఆ దృశ్యాన్ని నేను ఒకే ఒక్కసారి చూశాను.

అటుపైన నెల రోజులకే, ఆగస్టు 24న, రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో సెర్గేయ్ కొవల్యోవ్ కార్నర్‌లో ఆయన మళ్లీ నిలబడవలసి వచ్చింది. 8వ రౌండ్‌లో ఆంథోనీ యార్డ్ దెబ్బలకు కొవల్యోవ్ తూలిపోయారు. ఆ నిమిషంలో ఆ శిక్షకుడి మనసులో ఏం తిరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కొవల్యోవ్ కోలుకున్నారు, 11వ రౌండ్‌లో యార్డ్‌ను ఎడమచేతి జాబ్‌తోనే పడగొట్టారు.

ఇక నా తీర్పు. 2006 తర్వాత పెద్ద పేర్లు దూరమైన సంవత్సరాలు, నేను ఆలస్యమన్న ఆ రౌండ్, వీటన్నిటినీ కాగితం మీద లెక్కిస్తే ఇంకా గొప్ప శిక్షకులు కనిపిస్తారు. నాకు ఆ కాగితంతో పనిలేదు. స్టూల్ మీద కూర్చున్నది నేనైతే, ఎదురుగా వంగి మాట్లాడే మనిషిగా నేను ఈయననే కోరుకుంటాను. మీరు ఒకే పోరాటం చూడదలిస్తే, 2019 ఫిబ్రవరి 2న కొవల్యోవ్ తనను ఆరు నెలల కిందట నాకౌట్ చేసిన ఎలైడర్ అల్వారెజ్‌ను పాయింట్ల మీద ఓడించినది చూడండి. రౌండ్లు జరుగుతున్నప్పుడు శబ్దం తగ్గించుకున్నా పరవాలేదు, గంట మోగగానే మాత్రం పెంచండి.