శాతంలో ఇమడని రక్షణ: ఫిన్లాండ్ లెక్క

సభకు నమస్కారం.

యూరప్‌లో ఏ దేశం సైన్యం మీద ఎంత వెచ్చిస్తున్నదో తేల్చడానికి ప్రభుత్వాలు, పత్రికలు, నాటో కూటమి అన్నీ ఒకే కొలబద్ద వాడుతున్నాయి: ఆ ఖర్చు జీడీపీలో ఎంత శాతం? 2014లో వేల్స్ సమావేశంలో నాటో దేశాలు ఆ అంకెను 2 శాతంగా పెట్టుకున్నాయి. 2025 జూన్‌లో హేగ్ నగరంలో దానిని 2035 నాటికి 5 శాతానికి పెంచుకున్నాయి, అందులో 3.5 శాతం నేరుగా సైనిక అవసరాలకు, మిగిలిన 1.5 శాతం వాటికి ఆసరాగా నిలిచే రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత వంటి వాటికి. దేశాలను పక్కపక్కన పెట్టి చూడడానికి ఈ కొలత పనికివస్తుంది, కాదనను. కానీ ఫిన్లాండ్ విషయంలో మాత్రం అది అసలు సంగతినే వదిలేస్తుందని నా అభిప్రాయం.

ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు, అంటే ఒక్క హైదరాబాద్ నగర జనాభా కన్నా తక్కువ. రష్యాతో దాని సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు. రక్షణ దళాలలో జీతం మీద పనిచేసేవారు, పౌర ఉద్యోగులతో కలిపి, దాదాపు 12 వేల మంది మాత్రమే. అయినా యుద్ధం వస్తే 2,80,000 మందితో సైన్యాన్ని నిలబెట్టేలా అక్కడ ప్రణాళిక ఉంది. శిక్షణ పొంది, అవసరమైతే పిలవడానికి వీలుగా రిజర్వులో ఉన్నవారి సంఖ్య 8,70,000 వరకు ఉంటుంది. 2024లో ఈ దేశం రక్షణకు వెచ్చించినది జీడీపీలో సుమారు 2.4 శాతం. ఇంతకన్నా ఎన్నో రెట్లు జనాభా, ఆదాయం ఉన్న దేశాలు కూడా ఇంత మందిని సమీకరించలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆ 2.4 శాతంతో ఇది ఎలా సాధ్యమైంది?

జవాబులో పెద్ద భాగం నిర్బంధ సైనిక శిక్షణలో ఉంది. దేశ రక్షణలో పాల్గొనడం ప్రతి పౌరుడి బాధ్యత అని ఫిన్లాండ్ రాజ్యాంగం 127వ సెక్షన్ చెబుతుంది. 18 ఏళ్లు నిండిన పురుషులు తమకు అప్పగించే పనిని బట్టి 165, 255 లేదా 347 రోజులు శిక్షణ పొందాలి. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోనివారు 347 రోజుల పౌర సేవ చేయాలి. 1995 నుంచి స్త్రీలు స్వచ్ఛందంగా చేరవచ్చు. ఏటా 20 వేల మందికి పైగా యువకులు ఈ శిక్షణ ముగించి రిజర్వులోకి వెళతారు. వారికి ముట్టేది జీతం కాదు, రోజుకు కొన్ని యూరోల భత్యం. అదే పని వృత్తి సైనికులతో చేయిస్తే జీతాలు, పింఛన్లు, నివాసాల ఖర్చు అంతా బడ్జెట్‌లోకి ఎక్కి శాతాన్ని పెంచేది. ఇక్కడ ఆ ఖర్చు లేకుండా పోలేదు. చదువు ఆరు నెలలో, ఏడాదో వాయిదా వేసుకున్న యువకుడి మీద, ఉద్యోగంలో ఆలస్యంగా చేరినందువల్ల అతను పోగొట్టుకున్న ఆదాయం మీద ఆ భారం పడింది. ఏ ఆర్థిక మంత్రీ దానిని పద్దులో రాయడు. ఈ భారం పురుషుల మీదే ఉండటం న్యాయమా అన్న చర్చ ఆ దేశంలో చాలా కాలంగా నడుస్తూనే ఉంది, దానికి సంతృప్తికరమైన జవాబు ఎవరూ చెప్పినట్టు నాకు కనిపించదు.

ఈ పద్ధతి వెనుక ఒక చేదు అనుభవం ఉంది. 1931 నుంచి రక్షణ మండలికి అధ్యక్షుడిగా ఉన్న మానర్‌హైమ్ ఆయుధాలకు నిధులు చాలడం లేదని ఏళ్ల తరబడి ప్రభుత్వాలను హెచ్చరించాడు. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం సరిహద్దు దాటినప్పుడు చాలా మంది ఫిన్లాండ్ సైనికులకు యూనిఫారాలు కూడా లేవు. సొంత బట్టల మీద బెల్టు కట్టుకుని, టోపీకి జాతీయ చిహ్నం గుచ్చుకుని యుద్ధానికి వెళ్లారు. అప్పటి ప్రధాని కాయాండర్ పేరు మీద సైనికులు ఆ వేషానికి 'కాయాండర్ మోడల్' అని వెటకారంగా పేరు పెట్టారు. 1940 మార్చి 13న ముగిసిన ఆ శీతాకాల యుద్ధంలో ఫిన్లాండ్ స్వాతంత్ర్యం నిలబెట్టుకుంది గానీ, వీపురి నగరంతో సహా దేశంలో దాదాపు పదో వంతు భూభాగాన్ని వదులుకుంది. నాలుగు లక్షల మందికి పైగా ప్రజలు ఇల్లూ పొలమూ విడిచి పడమటికి తరలివచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 పారిస్ శాంతి ఒప్పందం ఫిన్లాండ్ సైన్యానికి పరిమితులు విధించింది: పదాతి, ఫిరంగి దళాలన్నీ కలిపి 34,400 మంది, యుద్ధ విమానాలు 60, జలాంతర్గాములు అసలే ఉండకూడదు. ఆ అంకెలు శాంతికాలపు సైన్యానివే అన్న వ్యాఖ్యానంతో రిజర్వు వ్యవస్థ కొనసాగింది. 1990 సెప్టెంబర్‌లో ఆ సైనిక పరిమితులు ఇక తమకు వర్తించవని ఫిన్లాండ్ ప్రకటించింది.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లే కీలకం. స్వీడన్ 2010లో, జర్మనీ 2011లో నిర్బంధ శిక్షణను నిలిపివేశాయి. ఫిన్లాండ్ నిలిపివేయలేదు. 1990ల ఆరంభంలో సోవియట్ వాణిజ్యం కుప్పకూలి, నిరుద్యోగం వేగంగా పెరుగుతున్న రోజుల్లో, 1992లో అది 64 హార్నెట్ యుద్ధ విమానాల కొనుగోలుకు సిద్ధపడింది. అయితే ఈ దేశం ఎన్నడూ కునుకు తీయలేదనడం అతిశయోక్తే అవుతుంది. 2010ల మొదటి భాగంలో పొదుపు పేరుతో యుద్ధకాలపు సైన్యాన్ని 3,50,000 నుంచి 2,30,000కు తగ్గించారు, కొన్ని సైనిక స్థావరాలు మూతపడ్డాయి. 2014లో రష్యా ఉక్రెయిన్‌లోని క్రిమియాను ఆక్రమించిన తర్వాతే ఆ సంఖ్య మళ్లీ 2,80,000కు పెరిగింది.

సైన్యం సంగతి పక్కన పెట్టి పౌర రక్షణ చూద్దాం. ఫిన్లాండ్‌లో బాంబు దాడుల నుంచి తలదాచుకునే రక్షణ ఆశ్రయాలు సుమారు 50,500 ఉన్నాయి. వాటిలో 48 లక్షల మంది తలదాచుకోవచ్చు. 1,200 చదరపు మీటర్లకు మించిన నివాస భవనం కడితే ఆశ్రయం కూడా కట్టి తీరాలని చట్టం. ఖర్చు భవన యజమానిదే, అంటే చివరికి ఫ్లాటు కొన్న కుటుంబానిదే. హెల్సింకిలో రాతిని తొలిచి కట్టిన పెద్ద ఆశ్రయాలు శాంతికాలంలో ఊరికే పడి ఉండవు: ఈతాకెస్కుస్‌లో ఈతకొలను, మెరిహాకాలో ఆటస్థలాలు నడుస్తాయి, అవసరమైతే 72 గంటల్లో ఖాళీ చేసి అప్పగించాలి. ధాన్యం, ఇంధనం, మందుల నిల్వలను చూసుకునే జాతీయ సంస్థకు డబ్బు ఇంధనం, విద్యుత్తు మీద వేసే చిన్న రుసుము నుంచి వస్తుంది. ఇక 1961 నుంచి పార్లమెంటు సభ్యులను, వ్యాపార సంస్థల అధిపతులను, సంపాదకులను కొన్ని వారాల పాటు ఒకచోట కూర్చోబెట్టి దేశ రక్షణ కోర్సు నడుపుతున్నారు. విద్యుత్తు సంస్థ అధిపతికి సైన్యాధికారి ముందే పరిచయమై ఉండటం విలువను ఏ శాతంలో కొలుస్తాం?

దీనికి పూర్తిగా భిన్నమైనది యుద్ధ విమానాల ఖర్చు. 2021 డిసెంబర్‌లో ఫిన్లాండ్ హార్నెట్ల స్థానంలో 64 ఎఫ్-35 విమానాలను ఎంచుకుంది. ఆయుధాలు, మరమ్మతులు, శిక్షణ కలిపి ఒప్పందం విలువ 840 కోట్ల యూరోలు. ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడికి రెండు నెలలకు పైగా ముందు, ఇంకా కూటమిలో లేనప్పుడే ఈ నిర్ణయం జరిగింది. నాటోలో చేరింది 2023 ఏప్రిల్ 4న. కాబట్టి చేరిక వల్లే ఖర్చు పెరిగిందనేవారు తేదీలు చూడాలి. అయితే ఇటువంటి కొనుగోలు వచ్చినప్పుడు శాతం ఒక్కసారిగా ఎగబాకుతుంది, చెల్లింపులు అయ్యాక దిగుతుంది. ఆ ఎత్తుపల్లాలను బట్టి దేశ సంకల్పాన్ని అంచనా వేయడం పొరపాటు.

2025 ఏప్రిల్‌లో ప్రధాని పెట్టెరి ఓర్పో ప్రభుత్వం 2029 నాటికి రక్షణ వ్యయాన్ని కనీసం 3 శాతానికి పెంచుతామని ప్రకటించింది. అదే ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో విలువ ఆధారిత పన్నును 24 నుంచి 25.5 శాతానికి పెంచింది, నిరుద్యోగ భృతిలో కోతలు పెట్టింది. అప్పు పెరుగుతున్న, జనాభా వృద్ధాప్యంలోకి జారుతున్న దేశంలో ఆ అదనపు డబ్బు వృద్ధుల సంరక్షణతో, వైద్యంతో పోటీ పడి రావలసిందే. పాతబడిన పదాతి దళ సామగ్రిని మార్చడానికి ఈ నిధులు అవసరమని నేను ఒప్పుకుంటాను. నా అనుమానం మరొకటి: లక్ష్యం శాతంగా ఉన్నప్పుడు శాతానికి త్వరగా కనిపించే కొనుగోళ్ల వైపే ప్రభుత్వాలు మొగ్గుతాయి. పునశ్శిక్షణ కోసం రిజర్విస్టును ఏటా కొన్ని రోజులు పిలవడం పత్రికలకు వార్త కాదు, కానీ పిలవకపోతే పదేళ్లలో ఆ 8,70,000 కాగితం మీది అంకెగా మిగులుతుంది.

2025 జూన్‌లో పార్లమెంటు మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒడంబడిక నుంచి వైదొలగడానికి ఆమోదం తెలిపింది. నైతికంగా ఇది నాకు ఇబ్బంది కలిగించే నిర్ణయం. అదే ఏడాది రిజర్వులో కొనసాగే గరిష్ఠ వయసును 65 ఏళ్లకు పెంచాలని ప్రభుత్వం ప్రతిపాదించింది; దానివల్ల 2031 నాటికి రిజర్వు పది లక్షలకు చేరుతుందని అంచనా. 60 ఏళ్లు దాటిన ఎలక్ట్రీషియన్, లారీ డ్రైవరు, వైద్యుడు యుద్ధకాలంలో ఏ పనికి కావాలో ఆలోచించి తీసుకున్న చర్య ఇది. దీనికి బడ్జెట్‌లో పెట్టవలసింది దాదాపు ఏమీ లేదు కనుక, నాటో ఏటా విడుదల చేసే పట్టికలో దీని జాడ మీకు దొరకదు.