బల్లల మధ్య గారడీ: ఏ జేబులో ఏముంటుంది?

శ్రోతలకు నమస్కారం.

పెళ్లి రిసెప్షన్లలో, పెద్ద రెస్టారెంట్లలో ఈమధ్య ఒక మనిషి కనబడుతున్నాడు. స్టేజీ లేదు, మైకు లేదు, రంగుల పెట్టెలు లేవు. భోజనానికి కూర్చున్నవాళ్ల బల్ల దగ్గరికి వచ్చి నిలబడతాడు. పేకముక్కలతోనో నాణేలతోనో ఐదారు నిమిషాలు అందరూ నోరెళ్లబెట్టేలా చేసి, పక్క బల్లకు సాగిపోతాడు. దీన్ని క్లోజప్ మ్యాజిక్ అంటారు. అమెరికా, బ్రిటన్ రెస్టారెంట్లలో చాలాకాలంగా కొందరికి ఇదే జీవనోపాధి. చూసేవాళ్లంతా ఆయన చేతులనే చూస్తారు. మనం మాత్రం ఈ పూట ఆయన జేబులు చూద్దాం. మూడు గంటల సేపు, ఇరవై బల్లల దగ్గర ఆడించడానికి కావలసిన సరంజామా దాదాపు అంతా ఆయన ఒంటి మీదే ఉంటుంది. అది ఎక్కడెక్కడ సర్దుకుంటాడు, ఎందుకలా సర్దుకుంటాడు అన్నదే ఇవాళ్టి విషయం.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఎవరి గుట్టూ విప్పడం లేదు. లండన్‌లో 1905లో మొదలైన మ్యాజిక్ సర్కిల్ అనే సంఘం రహస్యాలు బయటపెట్టే సభ్యుణ్ణి తీసేయగలదు. ఈ వృత్తిలో అంత పట్టింపు ఉంది. సామాను ఎక్కడ పెట్టుకుంటారన్నది మాత్రం అంత రహస్యమేమీ కాదు. దర్జీకీ, ఇస్త్రీ చేసే అతనికీ ఎలాగూ తెలిసే సంగతే.

మన వీధి గారడీవాడికి ఈ ఇబ్బంది లేదు. నేల మీద గుడ్డ పరిచి కూర్చుంటాడు, పక్కనే జోలె ఉంటుంది. గిన్నెలైనా బంతులైనా అందులోంచే వస్తాయి, అందులోకే పోతాయి. చెయ్యి పదిసార్లు జోలెలోకి వెళ్లినా ఎవరికీ ఏమీ అనిపించదు. ఐరోపాలోనూ ఇదే పద్ధతి ఉండేది. చిత్రకారుడు బాష్ పేరుతో ఉన్న పాత చిత్రం ఒకటి ఫ్రాన్స్‌లో సాన్ జెర్మేన్ ఆన్ లే పట్టణ మ్యూజియానికి చెందింది. అందులో గిన్నెలూ బంతులూ ఆడించే గారడీవాడి నడుముకు ఒక బుట్ట వేలాడుతుంటుంది, దానిలోంచి ఒక గుడ్లగూబ తొంగిచూస్తుంటుంది. ఆ తర్వాత 19వ శతాబ్దంలో ఫ్రెంచి మెజీషియన్ రాబర్ట్ హూడిన్ వచ్చాడు. తర్వాతి కాలపు ప్రసిద్ధ అమెరికన్ మెజీషియన్ హూడినీ తన పేరును తయారుచేసుకున్నది ఈయన పేరులోంచే. 1845లో పారిస్‌లో సొంత థియేటర్ తెరిచి, పెద్దమనుషులు సాయంత్రం వేసుకునే, వెనకభాగం పొడవుగా వేలాడే తోకకోటులోనే ప్రదర్శనలిచ్చాడు. బుట్టలు, జోలెలు పోయి కోటు తోకల లోపల లోతైన జేబులు, ప్యాంటుకు తొడల వెనక చిన్న జేబులు వచ్చాయి. సంచి దుస్తుల్లోకి దూరిపోయింది.

బల్ల దగ్గర చేసేవాడికి అసలు చిక్కు ఎత్తుల్లో ఉంది. భోజనాల బల్ల ఎత్తు సుమారు రెండున్నర అడుగులు. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. నిలబడ్డ మెజీషియన్ కోటు కింది జేబుల మూతి మూడడుగుల దగ్గర ఉంటుంది. అంటే కూర్చున్న అతిథి చూపు కాస్త కిందికి వాలితే చాలు, నేరుగా జేబు మూతి మీదే పడుతుంది. ఆ మూతి తెరుచుకుని ఉన్నా, జేబు ఉబ్బెత్తుగా ఉన్నా మొట్టమొదట కనబడేది అదే. స్టేజీ మీద ఇరవై అడుగుల దూరంలో చెల్లిపోయే ఉబ్బు ఇక్కడ చెల్లదు. పైగా చుట్టూ బల్లలే కాబట్టి వెనక కూర్చున్నవాళ్లకు ప్యాంటు వెనక జేబులు కళ్లెదుటే ఉంటాయి. బల్ల ముందు కూర్చుని చేసే మెజీషియన్‌కైతే సామాను పెట్టుకోవడానికి ఒడి ఉంటుంది, ఇతనికి అదీ లేదు.

అందుకే జేబు ఎంపిక దగ్గరే కార్యక్రమం ఖరారవుతుంది. ముందు మంచి అంశాలు ఎంచుకుని తర్వాత వాటికి జేబులు వెతికితే, కోటు కిరాణా సంచిలా తయారవుతుంది. మూడు నిబంధనలు గట్టిగా పాటించాలి. వస్తువు రెండు క్షణాల్లో జేబులోంచి చేతికి రావాలి. బల్ల మీద ఖాళీ జాగా అడగకూడదు, ఎందుకంటే అక్కడ ప్లేట్లు, గ్లాసులు, నీళ్ల మరకలు తప్ప ఏమీ ఉండవు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచే పది పదిహేను క్షణాల్లో మళ్లీ మొదటి స్థితికి వచ్చేయాలి. కాగితం చించి అతికించే అంశం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఇరవై బల్లలకు ఇరవై కాగితాలు సిద్ధం చేసుకుని మోయాలి. అలాంటిది ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు కుడిచేతివాటం మెజీషియన్ కోటు ఒకటి తీసుకుందాం. ఎడమచేతివాటమైతే ఇదంతా తారుమారు చేసుకోవాలి.

కుడి కింది జేబులో పేక కట్ట ఒక్కటే ఉంటుంది, అదీ అట్టపెట్టెలో. మెజీషియన్లు ఎక్కువగా వాడే పోకర్ సైజు ముక్క 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు. పెట్టెతో కలిపి మందం రెండు సెంటీమీటర్ల లోపు, బరువు సుమారు వంద గ్రాములు. పెట్టె మూత పైకి ఉండాలి, మూత దగ్గరి అర్ధచంద్రాకారపు కోత బొటనవేలి వైపు ఉండాలి. అలా ఉంటే చెయ్యి బయటికి వచ్చేలోపే మూత తెరుచుకుంటుంది. ఇక్కడ చాలామంది గమనించని ఇబ్బంది ఒకటి ఉంది. కోటు జేబు లోతు కట్ట పొడవుకన్నా చాలా ఎక్కువ. కట్ట అడుగుకు జారి అడ్డంగా పడుకుంటుంది, తీయాలంటే మణికట్టు దాకా చెయ్యి దూర్చి వెతకాలి. అతిథి చూస్తుండగా జేబులో తడుముకోవడంకన్నా అసహ్యం ఇంకోటి లేదు. దర్జీ చేత జేబు లోపల అడ్డంగా ఒక కుట్టు వేయించాలి, కట్ట పై అంచు జేబు మూతికి ఒక సెంటీమీటరు దిగువన ఆగేలా. కుట్టు ఇష్టం లేకపోతే మడిచిన చేతిరుమాలు అడుగున పెట్టినా పని జరుగుతుంది. కొత్త కోట్లకు జేబులు మూసి కుట్టి ఉంటాయి, ఆ దారం ముందే తెంపేయాలి. జేబు మీది మూతను లోపలికి దోపుకోవాలి, లేకపోతే చేతికి ప్రతిసారీ అడ్డం తగులుతుంది. పేక కట్టను ప్యాంటు జేబులో మాత్రం పెట్టకూడదు. తొడ ఒంపుకు ముక్కలు వంగిపోతాయి, ఒంటి వేడికి చెమ్మ పడతాయి. ఆ కట్ట ఇక సాఫీగా పంచబడదు.

ఎడమ కింది జేబులో స్పాంజి బంతులు నాలుగు, అంగుళంన్నర నుంచి రెండంగుళాల సైజువి. వాటి పక్కన ఇంకేమీ ఉండకూడదు, తాళంచెవి అయినా సరే. చెయ్యి చూడకుండా పట్టుకునేటప్పుడు తాళంచెవి బంతిలో గుచ్చుకుని దానితో పాటే బయటికి వస్తుంది. లోపలి ఎడమ జేబులో తోలు పర్సు. కుడిచెయ్యి సహజంగా చేరేది అక్కడికే. పై జేబులో మార్కర్ పెన్ను. దాని క్యాప్ పెట్టడం మరిచిపోతే సిరా ఆరిపోతుంది, అందుకే లోపలి కుడి జేబులో ఇంకోటి అదనంగా ఉండాలి. ముక్క మీద అతిథి చేత సంతకం పెట్టించాక ఐదారు క్షణాలు గాలికి ఊపాలి. నున్నటి పూత మీద సిరా వెంటనే ఆరదు. తొందరపడి కట్టలో కలిపేస్తే ఆ సంతకం పక్క ముక్క మీద అచ్చు పడుతుంది, ఆ ముక్క ఇక పనికిరాదు.

నాణేలు ప్యాంటు కుడి జేబులో. అమెరికన్ అర్ధ డాలర్ ఈ పనికి బాగా కుదురుతుంది, వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, బరువు 11.34 గ్రాములు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లే, అయినా చూసేవాళ్లకు పరిచయమైన నాణెం కాబట్టి మన బల్లల దగ్గర అదే మేలంటాను. నాణేలను కోటు జేబులో వేస్తే ఆ వైపు కోటు లాగినట్టు వేలాడుతుంది, వంగినప్పుడు బల్ల అంచుకు కొట్టుకుని టకటకమంటుంది. ప్యాంటు జేబులోనైనా విడిగా వేయకూడదు, నడుస్తుంటే గలగలమంటాయి. చిన్న తోలు సంచిలో బిగించి ఉంచాలి. ప్యాంటుకు ఉండే బుల్లి గడియారం జేబులో రబ్బరు బ్యాండ్లు ఐదారు. మణికట్టుకు తగిలించుకుంటే చర్మం మీద గీతలు పడతాయి, ఎండకు రబ్బరు పెళుసెక్కి సరిగ్గా ఆడిస్తున్నప్పుడే తెగుతుంది.

ఇక ప్యాంటు ఎడమ జేబు. అందులో ఏమీ ఉండకూడదు. నా లెక్కలో అన్ని జేబుల్లోకీ విలువైనది ఇదే. పని అయిపోయిన వస్తువు, తడిసిన బంతి, ఎవరో చేతిలో పెట్టిన విజిటింగ్ కార్డు, ఏదైనా వెళ్లేది ఇక్కడికే. ఖాళీ జేబు ఒకటి లేకపోతే మొదటి గంటలోనే మిగిలిన జేబుల వరస చెడిపోతుంది. సెల్‌ఫోన్ ఒంటి మీద అసలు వద్దు. నిశ్శబ్దంలో ఉంచినా అది జేబులో వణికితే ఎదుటివాడి చూపు అక్కడికే పోతుంది.

ఒక బల్ల అయ్యాక నాలుగడుగులు వేస్తూ జేబులను బయటినుంచే ఒక్కొక్కటి తట్టి చూసుకోవాలి. కుడి, ఎడమ, పైన, ప్యాంటు. కట్ట తిరగబడి పడిందా, బంతులు నాలుగూ ఉన్నాయా అన్నది వేళ్లకు తెలిసిపోతుంది. పక్కపక్క బల్లలవాళ్లు ఒకరి దగ్గర జరిగేది ఇంకొకరు చూస్తుంటారు, కనుక మూడేసి అంశాల చొప్పున మూడు వరసలు పెట్టుకుని మార్చి మార్చి చేస్తారు. సంతకం చేసిన ముక్కను అతిథికే ఇచ్చేస్తే ఇరవై బల్లలకు ఇరవై ముక్కలు పోతాయి. యాభైరెండులో ఇరవై పోతే మిగిలేది కట్టలా కనిపించదు.

అందుకే రిసెప్షన్ కౌంటర్ దగ్గర ఒక చిన్న సంచి ఉంచాలి. రెండు మూడు కొత్త పేక కట్టలు, రెండు మార్కర్లు, ఇంకో జత బంతులు, రబ్బరు బ్యాండ్లు, తడి తుడుపు కాగితాలు, సూది, దారం, పిన్నీసు. గంటకోసారి వెళ్లి నింపుకుని రావాలి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, అదీ ఆరుబయట విందుల్లో, పేకముక్కలు గాలిలోని చెమ్మ పీల్చి ఉబ్బుతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. కట్టను గంటకోసారి మార్చి, పాతదాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి.

విదేశీ పుస్తకాలు పట్టించుకోని సంగతి మన విందుల్లో ఒకటి ఉంది. మనం చేత్తో తింటాం. బిర్యానీ కలిపిన కుడిచేతిలో స్పాంజి బంతి పెడితే ఆ బంతికి పట్టిన పసుపు ఇక వదలదు. పేకముక్క ఇస్తే నెయ్యి మరక. ఎడమచెయ్యి చాపమనడం పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. వడ్డన మొదలయ్యే ముందు వెళ్లాలి, లేదా చేతులు కడుక్కుని వచ్చాక. మధ్యలో వెళ్లక తప్పకపోతే, ఇంకా తినడం మొదలుపెట్టని మనిషినే ఎంచుకోవాలి.

దుస్తులు మారితే లెక్క మారుతుంది. కుర్తా జేబులు పక్క కుట్టులో నిలువుగా తెరుచుకుంటాయి, వంగితే సామాను జారిపోతుంది, పల్చటి బట్టలోంచి ఆకారం కనబడుతుంది. మీద నెహ్రూ జాకెట్ వేసుకుంటే కింది జేబులు రెండు దొరుకుతాయి. షేర్వానీ కుట్టించుకుంటే లోపల రెండు వైపులా జేబులు పెట్టించుకోవాలి. ఆడవాళ్ల దుస్తులకు జేబులే ఉండవు, ఉన్నా నాణేలసంచి పట్టనంత చిన్నవి. మహిళా మెజీషియన్లు చాలామంది నడుముకు చిన్న సంచి కట్టుకోవడమో, భుజానికి తగిలించుకోవడమో చేస్తారు. నిజానికి ఇదే హాయి. సంచిలోకి చెయ్యి బాహాటంగా వెళుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మన గారడీవాడి జోలెకు ఉన్న సౌకర్యమే ఇది. కోటు వేసుకోలేని ఎండాకాలంలో మగవాళ్లు కూడా మూడు జేబుల ఏప్రన్ కట్టుకోవచ్చు.

రాత్రి పని ముగిశాక అన్ని జేబులూ పూర్తిగా ఖాళీ చేసి కోటు తగిలించాలి. సామానుతో అలాగే వదిలేస్తే జేబుల మూతులు సాగి నోరు తెరుచుకుంటాయి. మార్కర్ జేబులోనే ఉండిపోయి డ్రైక్లీనింగుకు వెళ్తే కోటు మీద ఆశ వదులుకోవాల్సిందే. జేబు అడుగున పేరుకున్న నూగును తిరగేసి దులపాలి, స్పాంజి బంతులకు ముందు అంటుకునేది అదే. అప్పుడే కుట్లు కూడా చూసుకోవాలి. ప్యాంటు జేబు అడుగు కుట్టు వదిలితే నాణెం కాలి వెంట జారి బల్ల కిందికి దొర్లుతుంది. కోటు జేబు కుట్టు వదిలితే రబ్బరు బ్యాండైనా, ముక్క అయినా లైనింగులోకి పోయి వెనక అంచులో చేరుతుంది. బయటికి తీయాలంటే లైనింగు అంచు విప్పి మళ్లీ కుట్టాల్సిందే.