పసిగుడ్డు పేగుని చూపించే అల్ట్రాసౌండ్

శ్రోతలందరికీ నమస్కారం. నెలలు నిండకుండా, మరీ ముఖ్యంగా కిలోన్నర లోపు బరువుతో పుట్టిన పిల్లల గురించి మాట్లాడుకుందాం. ఊపిరి గండం గట్టెక్కింది, పాలు కూడా మెల్లగా అరుగుతున్నాయి అని ఇంట్లోవాళ్ళు కాస్త కుదుటపడే టైంలో, అంటే పుట్టిన రెండు మూడు వారాలకి, కొంతమందికి పేగు జబ్బు మొదలవుతుంది, దాన్ని నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు, డాక్టర్లు ఎన్ఈసీ అనేస్తారు. పేగు గోడ వాచిపోయి, రక్తం అందక కొంత భాగం చచ్చిపోతుంది, ముదిరితే చిల్లు పడుతుంది. పొట్ట ఉబ్బినా, పాలగొట్టంలోంచి ఆకుపచ్చ పసరు వెనక్కొచ్చినా, విరేచనంలో రక్తం కనపడినా వెంటనే పాలు ఆపేసి ఎక్స్‌రే తీస్తారు.

ఎక్స్‌రే కావాల్సిందే, కాకపోతే అందులో ముఖ్యంగా తెలిసేది గాలి ఎక్కడుందన్నది, పేగు గోడలో చేరిందా, చిల్లుపడి బయటికొచ్చేసిందా అని. ఆ పేగుకి రక్తం అందుతోందా అంటే ఎక్స్‌రే చెప్పలేదు. అల్ట్రాసౌండ్ చెప్తుంది. మెషిన్‌ని ఇంక్యుబేటర్ దగ్గరికే తెచ్చి, జెల్ వెచ్చచేసి, చిన్న ప్రోబ్‌ని అసలు నొక్కకుండా పొట్టమీద ఆనిస్తారు, స్క్రీన్ మీద పేగు గోడ పొరలతో సహా కనపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల్లో ఆ గోడ మందం 1.1 నుంచి 2.6 మిల్లీమీటర్లని 2005లో వచ్చిన ఒక స్టడీలో కొలిచారు, అంత సన్నటిదాన్ని కొలవాలి మరి! జబ్బు మొదట్లో గోడ మందమెక్కుతుంది, రక్తం పారడాన్ని రంగులో చూపించే డాప్లర్ పెడితే రక్తం ఉరకలేస్తున్నట్టు రంగు నిండుగా కనపడుతుంది. అదే గోడ పల్చబడి ఒక మిల్లీమీటర్‌కి లోపు వచ్చి, రంగు మాయమై, పేగులో కదలిక కూడా లేకపోతే మాత్రం ఆ భాగం చచ్చిపోతోందని అనుమానించాలి, సర్జన్‌ని పిలవడానికి చిల్లు పడేదాకా ఆగక్కర్లేదు. లివర్‌కి వెళ్ళే రక్తనాళంలో గాలిబుడగలు పరిగెడుతుంటే అవి కూడా లైవ్‌లో కనపడతాయి.

అలాగని ఎక్స్‌రే మానేయమని కాదు. పేగుల్లో గాలి బాగా నిండితే అల్ట్రాసౌండ్‌కి వెనకున్నది కనపడదు, పైగా ఇది చేసేవాళ్ళ చేతి నేర్పు మీద చాలా ఆధారపడుతుంది, అర్ధరాత్రి ఆ అనుభవం ఉన్నవాళ్ళు దొరకడం కష్టం, అందుకే ఎన్ఐసీయూ, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉండే డాక్టర్లే స్వయంగా నేర్చుకోవాలని నేను గట్టిగా అంటాను.

ఇంకోటి, పొద్దున చేసిన స్కాన్ సాయంత్రం మళ్ళీ చేస్తామంటే తల్లిదండ్రులు హడలిపోతారు. దీంట్లో రేడియేషన్ లేదు, జబ్బు గంటల్లో మారిపోగలదు కాబట్టి మళ్ళీ చూస్తున్నారు, అంతే. గోడ మందం ఎంతుంది, రక్తం అందుతోందా, పేగు కదులుతోందా అని ప్రతిసారీ డాక్టర్‌ని అడగండి.